బయట చేరని దినాలు

"పెద్దదాన్ని ఈ పొద్దు సూదికి తోలకపోతే ఏమైతాది, ఊరేమన్నా మునిగిపోతాదా?" అని నాగక్క అనేసరికి ఆ వాదన మొదలై చాలాసేపయింది. అరుగు మీద కూర్చుని విత్తే గొర్రుకు కట్టే తాడు పేనుతున్న ఆమె మొగుడు రంగస్వామి తలెత్తకుండానే, ఇల్లు ఇల్లంతా ఒకే దినం బడికాడికి వచ్చి కరోనా సూది వేయించుకోవాలని ఉరుకుందమ్మ మైకులో చెప్పింది నీ చెవిన పడలేదా అన్నాడు. పడిందనీ, ఉరుకుందమ్మ ఆశా వర్కరనీ, ఆమెకు గుంట చేనైనా లేదనీ, మొన్నటి వాన పదును ఆరేలోగా విత్తనం పడకపోతే ఈ ఏడు కూడా ఆలూరు రోడ్డున పోయే బస్సులు చూసుకుంటూ కూర్చోవాల్సిందేననీ నాగక్క ఒక్క ఊపిరిలో చెప్పింది. సూది వేయించుకున్న ప్రతి ఇంట్లోనూ జ్వరాలే. ఇద్దరు కోడళ్ళూ మంచమెక్కితే గొర్రు వెనక విత్తనాలు పోసేదెవరు, నువ్వు పోస్తావా? పోస్తానన్నాడు రంగస్వామి. నువ్వు పోస్తే ఒక తావున గుప్పెడు, ఒక తావున గుండుసున్నా, మొలకలొచ్చినాక చేను చూసి ఊరంతా నవ్వుతుంది అన్నది ఆమె. అని, చివరికి ఒక దారికి వచ్చినట్టు గొంతు తగ్గించింది.

"చిన్నది పోనీలేప్పా. చిన్నదానికి జరమొచ్చినా మనకు పని నిలబడదు."

గోడ నీడలో చాట ముందు పెట్టుకుని విత్తనానికి వేరుశనగ కాయలు ఒలుస్తున్న చిన్న కోడలు శివజ్యోతి బొటనవేలు ఆ మాట దగ్గర ఆగింది. ఆగి, మళ్ళీ కదిలింది. అత్త ఆ మాట కోపంతో అనలేదు. కోపంతో అని ఉంటే తిరిగి ఒక మాట అనడానికి వీలయ్యేది. కొట్టంలో ఏ దూడను కట్టేయాలో ఏ దూడను వదలాలో చెప్పినంత మామూలుగా అన్నది. విత్తనాలు పోయడానికి పిల్లల తల్లి చెయ్యి కావాలి, పెద్ద కోడలు సుంకులమ్మకు ఇద్దరు పిల్లలు, కాబట్టి సుంకులమ్మ ఆగాలి. జ్యోతికి పిల్లలు లేరు, కాబట్టి జ్యోతి పోవచ్చు, జ్యోతికి జ్వరం రావచ్చు. అంతా సరిగ్గానే ఉంది, ఆమె కడుపులో ఉన్న ఒక్క సంగతి తప్ప. ఆ సంగతి ఆమెకూ ఆమె మొగుడు హనుమేషుకూ తప్ప ఈ ఇంట్లో ఎవరికీ తెలియదు. తెలియకుండా చేసింది ఆమే.

కాయను రెండు వేళ్ళ మధ్య పట్టుకుని ముక్కు దగ్గర నొక్కితే టప్పున విచ్చుకుంటుంది, లోపలి గింజ మీది ఎర్రటి పొర చిట్లకూడదు, చిట్లితే అది విత్తనానికి పనికిరాదు, పక్క గిన్నెలో పడుతుంది, చట్నీకి. ఒలిచి ఒలిచి బొటనవేలి కొస మొద్దుబారింది. మొద్దుబారిన వేలు మంచిదే, దానికి ఏదీ తెలియదు, నోరు కూడా అట్లా మొద్దుబారితే బాగుండు, పొద్దున తాగిన మజ్జిగ గొంతులోనే నిలబడి ఉంది, కొట్టం వైపు నుంచి పేడ వాసన, వంటింట్లోంచి తిరగమోత వాసన, ఉల్లిగడ్డ మాడుతోంది, మాడనీ, ఇప్పుడు లేచి పరిగెత్తి దొడ్లోకి పోతే ఎందుకు పోయిందని చూస్తారు. మూడో నెలలో వాంతులు తగ్గుతాయంటారు. ఆమెకు ఏ కాన్పూ మూడో నెల దాటలేదు కాబట్టి తగ్గుతాయో లేదో ఆమెకు తెలియదు. కాన్పు అనకూడదేమో వాటిని. మొదటిది, పెళ్ళైన ఏడాదికే, బోరు చెడిపోయి దిగుడు బావి నుంచి నీళ్ళు మోసిన ఎండాకాలంలో, బిందె చంకనెత్తుకుని మెట్టెక్కుతుంటే కాళ్ళ మీదికి వెచ్చగా కారింది, బిందెలో నీళ్ళు తొణికాయనుకుంది. రెండోది పోయినేడు, జ్వరమొచ్చి. ఒళ్ళు పెనంలా కాలితే, ఊళ్ళో సూదులు వేసే ఆయన ఇచ్చిన తెల్ల మాత్ర వేసుకుంది. తెల్లారేసరికి అయిపోయింది. జ్వరం కరిగించిందో మాత్ర కరిగించిందో ఎవరూ చెప్పలేదు. మాత్రేనన్నది అత్త, వద్దంటే విన్నావా అన్నది. వద్దని ఎప్పుడన్నదో జ్యోతికి గుర్తు లేదు. అని ఉండొచ్చు. ఆ వేడిలో ఎవరేమన్నారో ఏం తెలుసు. జ్వరం అనే మాట వింటేనే అప్పటి నుంచి ఆమె అరచెయ్యి పొట్ట మీదికి పోతుంది, ఇప్పుడూ పోబోయింది, పోకుండా చాటలో కాయల మీద పెట్టి నొక్కిపట్టింది. సూది వేస్తే జ్వరం వస్తుందంట. రావాలంట కూడా, వస్తేనే సూది పనిచేసినట్టంట. జ్వరాన్ని డబ్బాలో పెట్టి బడికాడికి తెచ్చి, రండి, వచ్చి తీసుకుపోండి అని మైకులో పిలుస్తున్నారు.

మైకు మళ్ళీ మోగింది. ఆటో వీధి చివర మలుపు తిరుగుతూ, పద్దెనిమిదేళ్ళు నిండిన వాళ్ళందరూ ఆధార్ కార్డు తీసుకుని, అని, కుక్కలు మొరిగి, మలుపు తిరిగాక మాటలు పోయి మోత మాత్రం మిగిలింది.

మూడో నెల దాకా ఎవరికీ చెప్పకపోవడం అన్ని ఇళ్ళల్లోనూ ఉన్నదే, అందులో తప్పేముంది. కానీ చెప్పకపోవడానికీ ఆమె చేసినదానికీ తేడా ఉంది. ఈ ఇంట్లో చెప్పకుండా ఉండటం కుదరదు. నెలసరి వచ్చిన ఆడది బయట చేరాలి, వసారా మూలన చాప, గ్లాసు, తట్ట విడిగా, పై నుంచి నీళ్ళు పోస్తే పట్టుకుని తాగాలి, నాలుగోనాడు తలకు పోసుకుని లోపలికి రావాలి. అన్నిటికంటే ముఖ్యం, విత్తనాన్ని ముట్టకూడదు. అందుకని కోడళ్ళిద్దరూ ఎప్పుడెప్పుడు బయట చేరేదీ నాగక్క వేళ్ళ కణుపుల మీద పెట్టుకుంటుంది, వాన కంటే దాన్నే ముందు చూసుకుంటుంది. ఒక నెల ఎవరైనా మూలన కూర్చోలేదంటే ఆ నెల దాటకముందే అత్తకు తెలుస్తుంది, అత్తకు తెలిస్తే కొళాయి దగ్గర తెలుస్తుంది, ఈరన్న స్వామికి ముడుపు కట్టేస్తుంది, నిలబడుతుందా ఈసారి అని ఒకరు, ఏమో చూడాల అని ఒకరు. రెండుసార్లు ఆ చూపుల మధ్య మోసి రెండుసార్లు ఆ చూపుల మధ్య పోగొట్టుకుంది. మూడోసారి అట్లా వద్దనుకుంది. నెల తప్పిందని తెలిసిన పొద్దున, ఏం చేయాలో తోచకముందే, కాళ్ళు వాటంతటవే పోయి వసారా మూలన కూర్చున్నాయి. అత్తా, నేను బయట చేరినా. అంతే, ఒక్క మాట. చిన్నప్పుడు జమ్మలమడుగు పక్క వాళ్ళ ఊళ్ళో అవ్వ చెప్పేది, ముట్టు దాచి ఇల్లంతా తిరిగితే పాము కనపడుతుందని. దాచినవాళ్ళను చూసింది, పండగలప్పుడు, పెళ్ళిళ్ళప్పుడు, దాచనివాళ్ళెవరు. రానిదాన్ని వచ్చిందని చెప్పి కూర్చున్నదాన్ని మాత్రం ఎక్కడా చూడలేదు. అట్లాంటిదానికి ఏం కనపడుతుందో అవ్వ చెప్పలేదు.

నవ్వొచ్చింది కూడా అప్పుడు. వాడని గుడ్డలు తడిపి, పిండి, పాత చీర కింద ఆరేసింది, చీర ఒక పక్క కొంచెం జారేట్టు, అత్త కంట్లో పడేట్టు. హనుమేష్ దొడ్లో అది చూసి, నువ్వు నాటకాల కంపెనీలో ఉండాల్సినదానివి అని నోటికి తుండు అడ్డం పెట్టుకుని నవ్వాడు. మరుసటి నెల మళ్ళీ అదే. వసారాలో చాప మీద మూడు దినాలు పడుకుంది, ఎవరూ పనికి పిలవలేదు, ఎవరూ దగ్గరికి రాలేదు, వేడి అన్నం దూరం నుంచే తట్టలో వేశారు. కడుపుతో ఉన్న ఆడదానికి దొరకాల్సిన విశ్రాంతి, కడుపు లేదని చెప్పినందుకు దొరికింది. ఆ మూడు దినాలే నిజంగా సుఖంగా ఉన్నాయి. నీకూ నాకూ ఈ చాపంత జాగా చాలు అని లోపలిదానితో చెప్పుకుంది. అప్పుడు అది చాపే. ఇప్పుడు చూస్తే దాని చుట్టూ గోడలు లేచి ఉన్నాయి, ఆమే కట్టుకుంది, తలుపు పెట్టడం మరిచిపోయింది.

ఎందుకంటే ఈ పొద్దుకు మళ్ళీ ఆమె బయట చేరాల్సిన తరి. అత్త కణుపుల మీద అది ఉండే ఉంటుంది, ఎండు కాయలు తెచ్చి ముందు పోసినప్పుడు ఒక్క క్షణం ఆగి ముఖంలోకి చూసింది, ఏమీ అడగలేదు. పొద్దున కొట్టంలో ఎద్దులకు మేత వేస్తూ హనుమేష్ అన్నాడు, అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించి, "నీకెట్ల మంచిదనిపిస్తే అట్ల చెయ్యి జ్యోతీ. లేదంటే ఈ తూరి గూడా బయట చేరినానని చెప్పేయి. ఎవురూ సూదికి రమ్మనరు." అది నిజమే. బయట చేరిన దినాల్లో సూది వేయించుకుంటే రక్తం ఆగదని ఎవరో ఫోనులో పెట్టారంట, ఫోనులో వచ్చినదాన్ని ఊరంతా నమ్మింది, అట్లాంటిదేం లేదని ఉరుకుందమ్మ గొంతు చించుకున్నా ఎవరూ వినలేదు. కాబట్టి ఒక్క మాట చాలు. విత్తనాల నుంచి విడుదల, సూది నుంచి విడుదల. అత్త మాత్రం గగ్గోలు పెడుతుంది, ముట్టుతో విత్తనం ఒలిచినావా అని, ఈ చాటెడు గింజలు పక్కన పెట్టి సుంకులమ్మ చేత మళ్ళీ ఒలిపిస్తుంది, పసుపు నీళ్ళు చల్లుతుంది, తిడుతుంది, తిట్టనీ. నీకెట్ల మంచిదనిపిస్తే అట్ల. మగవాళ్ళు ఈ మాట ఎంత తేలిగ్గా అంటారు, మంచి మనసుతోనే అంటారు, అనేసి ఎద్దులను తోలుకుని పోతారు. ఏది మంచిదో తెలిస్తే ఇంకేం. అతనికీ తెలియదు, పాపం. రమణిని తన ఆటోలో కర్నూలుకు తీసుకుపోయింది అతనే.

రమణి. పక్కింటి గోడకు అటువైపు ఇప్పుడు ఏ అలికిడీ లేదు, తనూ రమణీ ఆ గోడ మీదుగానే కూర గిన్నెలు అందించుకునేవాళ్ళు. వైశాఖంలో ఎనిమిదో నెల నిండుతుండగా దగ్గు. గోడకు అటువైపు దగ్గు, ఆగి, మళ్ళీ దగ్గు, తర్వాత దగ్గడానికి కూడా ఊపిరి చాలని దగ్గు. ఆటో ఎక్కించేటప్పుడు ఎవరూ దగ్గరికి పోలేదు, జ్యోతి కూడా పోలేదు, ఇంట్లోంచి కిటికీలో చూసింది. రమణి ఆటో కమ్మీ పట్టుకుని నోరు తెరిచి గాలి కోసం తల పైకెత్తింది, గట్టున పడిన చేప ఎత్తినట్టు, పొట్ట ముందుకు, రెండు చేతులూ కమ్మీకే, పొట్ట మీద ఒక చెయ్యి పెట్టుకోవడానికి కూడా లేదు. పెద్దాసుపత్రిలో మంచం దొరికింది, ఆక్సిజన్ దొరికింది, డాక్టర్లు చేయగలిగింది చేశారు, అన్నీ దొరికినా ఇద్దరూ దక్కలేదు. హనుమేష్ తిరిగొచ్చి ఆటో కడిగాడు, ఎండిందాకా చూసి మళ్ళీ కడిగాడు, అన్నం తినలేదు. అప్పుడు సూది ఉందా కడుపుతో ఉన్నవాళ్ళకు? లేదు. వద్దన్నారు, బాగా గుర్తు, ముసలివాళ్ళకు వేసేటప్పుడు గర్భిణులకు లేదని మైకులోనే చెప్పారు. ఇప్పుడు అదే మైకులో ఉందంటున్నారు. వైశాఖంలో వద్దన్నది ఆషాఢానికి ఎట్లా మంచిదైపోయింది? అప్పుడు తెలియదు కాబట్టి వద్దన్నారంట, ఇప్పుడు తెలుసుకున్నారంట. ఎవరి మీద చూసి తెలుసుకున్నారు? ఎక్కడో ఏ దేశంలోనో ఎవరో ఆడవాళ్ళు ముందు చెయ్యి చాపి ఉంటారు కదా, ఆమెలాగే పొద్దున మజ్జిగ ఇమడక, ఏమవుతుందో తెలియక. వాళ్ళకు ఏమీ కాలేదంట. కాలేదనే చెప్తున్నారు. తనకు ఏమన్నా అయితే? కాకపోతే? సూది వేయించుకోకుండా, ఈ గోడకు ఇటువైపు కూడా దగ్గు మొదలైతే?

ఉరుకుందమ్మను అడిగింది. అడిగిందంటే, తన కోసం అడగలేదు. కొళాయి దగ్గర ఎవరూ లేనప్పుడు, మా పిన్నమ్మ కూతురు ఒకామె ఉండాది అక్కా, వాళ్ళ ఊళ్ళో సూదులు ఏస్తాండారంట, ఆమెకు నెల తప్పింది, ఏయించుకోవచ్చా అని, బిందె కడుగుతూ, తల వంచుకుని. ఉరుకుందమ్మ కొళాయి కట్టేసింది. వేయించుకోవచ్చని, బలవంతం లేదని, జ్వరం వస్తే ఒకటి రెండు దినాలు ఉంటుందని, దాన్ని ముదరనీయకుండా వెంటనే మాత్ర వేసుకోవచ్చని, ఆ మాత్ర కడుపుతో ఉన్నవాళ్ళకు ఇచ్చేదేనని, డాక్టరమ్మ మీటింగులో ఇవన్నీ చెప్పిందని వివరంగా చెప్పింది. కొంతమంది మూడో నెల నిండినాక పోతామంటారు, అదీ తప్పు కాదు, కానీ అప్పటిదాకా జబ్బు ఆగి ఉంటుందని ఎవరూ రాసివ్వలేరు అన్నది. మాత్ర అనగానే జ్యోతి చేతిలో బిందె జారింది. ముందు పోయినవి ఎందుకు పోయాయో తెలుసుకున్నారా మీ పిన్నమ్మ కూతురికి, అని ఉరుకుందమ్మ అడిగాక గానీ, ముందు పోయినవి ఉన్నాయని తను చెప్పనే లేదని జ్యోతికి తట్టలేదు. ఆమెను ఒక తూరి నాకు కనపడమను, జరం ఏదైనా కడుపుకు మంచిది కాదు, మాత్రను తిట్టుకుంటా కూర్చోవద్దని చెప్పు, అని ఉరుకుందమ్మ తన బిందె నెత్తి మీదికి ఎత్తింది. అప్పటి నుంచి ఉరుకుందమ్మ ఉండే వీధిన పోవడం మానేసింది జ్యోతి. అమ్మకు ఫోను చేసింది, అమ్మతోనూ నిజం చెప్పలేకపోయింది. అమ్మ వినగానే మేనమామకు చెప్తుంది, ఆయన హనుమేషు వాళ్ళ నాయనకు చెప్తాడు. ఊరికే, సూది మంచిదేనా అమ్మా అంటే, నేను వేసుకున్నాలే, చెయ్యి గుంజింది అన్నది అమ్మ, నీకేం పిల్లా జెల్లా, పోయి వేసుకో. అందరూ అదే మాట. నీకేం.

సుంకులమ్మ వంటింట్లోంచి కొంగుతో ముఖం తుడుచుకుంటూ వచ్చి పక్కన కూర్చుని ఒక గుప్పెడు కాయలు ముందుకు లాక్కుంది. తాడు పేనడం ఆగింది, మామ ఎద్దుల కోసం లేచాడు, అత్త కొట్టం తొట్టిలో నీళ్ళు పోస్తోంది, వాదన ఎటూ తేలకుండా ఎండలో ఆరుతోంది. సుంకులమ్మకు సూదంటే భయం, చంటివాడికి సూది వేయించేటప్పుడు కూడా తనే కళ్ళు మూసుకుని ఏడ్చింది, అత్త ఆపుతుంటే లోపల్లోపల పండగలా ఉందని చెవిలో చెప్పి నవ్వింది. మంచి మనిషి. పోయినేడు గొర్రు దగ్గర అత్త జ్యోతి ఒడిలోని విత్తనాలు తీసి సుంకులమ్మ ఒడిలో పోసినప్పుడు, రాత్రి పడుకోబోయే ముందు వచ్చి, నాకు నడుము నొప్పి, నువ్వే పోసుంటే నాకు బాగుండు అని అబద్ధం చెప్పిపోయింది.

"అది కాదే జ్యోతీ," అన్నది సుంకులమ్మ, గొంతు ఇంకా తగ్గించి, "నీ దినాలు దగ్గరికొచ్చినట్టుండాయే. సూదికి పోయే ముందు చూసుకో. వచ్చేటట్టుంటే అత్తకు ఇప్పుడే చెప్పు, బడికాడికి పోయి ఎనక్కి రావడం ఎందుకు?"

తలుపు. ఎవరో అవతలి నుంచి తెరిచి పట్టుకున్నారు. వచ్చింది అక్కా, అంటే చాలు, సుంకులమ్మే లేచి అత్తకు చెప్తుంది, చాప కూడా తనే పరుస్తుంది. జ్యోతి నోరు తెరిచింది. తెరిచి, వసారా మూల వైపు చూసింది. చాప చుట్టి గోడకు ఆనించి ఉంది, గ్లాసు బోర్లించి ఉంది. ఇంట్లో అందరూ బడికాడికి పోతారు, సూదులు వేయించుకుని జబ్బలు పట్టుకుని తిరిగొస్తారు, జ్వరాలు పడతారు, పసుపు పాలు తాగుతారు, ఆమె ఆ మూలన ఉంటుంది. సరే. వచ్చే నెల? వచ్చే నెలకు పొట్ట తెలుస్తుంది, అప్పుడు చెప్పొచ్చు. అప్పటిదాకా నిలిస్తే. నిలవకపోతే, అనుకోకూడదు, అనుకోకుండా ఎట్లా, రెండుసార్లు చూసినది. నిలవకపోతే అది ఆ చాప మీదే పోతుంది. ఆ మూలనే. కింద వెచ్చగా తగులుతుంది, ఆమెకు తెలుస్తుంది ఏమవుతోందో, అత్త దూరం నుంచే చూసి, ఈ నెల ఎక్కువైనట్టుండాది, ఇంకో గుడ్డ పెట్టుకో అంటుంది, పై నుంచి నీళ్ళు పోస్తుంది. నాలుగోనాడు తలకు పోసుకుని లోపలికి వచ్చి రొట్టె చేయాలి. ఏడవడానికి కూడా కుదరదు. దేనికి ఏడుస్తున్నావంటే ఏం చెప్తుంది. అట్లాంటిది ఒకటి వచ్చి పోయిందని ఈ భూమ్మీద ఎవరికీ తెలియదు, హనుమేషుకు తప్ప, అతను ఆటో కడుగుతాడు.

రెండోది పోయినప్పుడు అత్త ఏడ్చింది. అది ఎప్పుడూ గుర్తు చేసుకోదు జ్యోతి, చెప్పుకోవడానికి ఆ మాత్ర సంగతే బాగుంటుంది, ఆ వద్దంటే విన్నావా అన్నదే బాగుంటుంది. కానీ అత్త ఆ పొద్దున ఆమె పాదాలు ఒళ్ళో పెట్టుకుని, చల్లబడ్డాయే, చల్లబడ్డాయే అంటూ అరచేతులతో రుద్దింది. కొళాయి దగ్గర ఊరంతటికీ చెప్పింది నిజమే, ఎగతాళిగా కాదు, బిందె కింద పెట్టి, ముక్కు చీదుకుంటూ, మా చిన్నదానికి మళ్ళీ పాయ అని. విన్నవాళ్ళు దాన్ని ఏం చేసుకున్నారో అది వేరు. విత్తనాలు లాక్కున్నదీ ఆ అత్తే. ఆ రెండు చేతులూ ఒకే మనిషివి, ఏం చేస్తాం, ఒకదాన్ని ఉంచుకుని ఒకదాన్ని నరకలేం. ఆ ముసలామెకు ఈసారి ఏదీ తెలియకుండా చేసింది తను. రుద్దడానికి పాదాలు కూడా మిగల్చలేదు.

సూది మంచిదో కాదో ఇప్పటికీ తెలియదు. ఈ కాయలన్నీ ఒలిచినా తెలియదు. తెలిసినవి రెండే. జ్వరం ఎట్లా ఉంటుందో తెలుసు, గాలి అందకపోతే మనిషి తల ఎట్లా ఎత్తుతుందో తెలుసు. జ్వరానికి మాత్ర ఉందంటున్నారు, ముదరకముందే వేసుకోవచ్చంటున్నారు. పోయినసారి జ్వరం ముదిరిందాకా చెప్పలేదు కదా తను, వంటిల్లు వదిలి ఎట్లా పడుకోవాలని, రెండు పూటలు అట్లాగే తిరిగింది. రెండో భయానికి మాత్ర లేదు. ఇందులో ఏది పెద్దదో తూచడానికి తక్కెడ ఎవరి దగ్గరా లేదు, డాక్టరమ్మ దగ్గరా ఉండకపోవచ్చు, ఉన్నంతలో చెప్పింది. కానీ ఏదైనా సరే, ఆ మూలన ఒక్కతే వద్దు. అది మాత్రం వద్దు.

"రాలేదులే అక్కా" అన్నది జ్యోతి.

సుంకులమ్మ కాయలు వదిలి లేచింది. అన్నాల వేళయింది. రంగస్వామి ఎద్దులను నీళ్ళకు వదిలి కాళ్ళు కడుక్కున్నాడు, పెద్ద కొడుకు మద్దిలేటి చేను నుంచి వచ్చి పదును ఇంకా రెండు దినాలు నిలుస్తుందని చెప్పాడు, ఆ మాట పట్టుకుని నాగక్క మళ్ళీ మొదలుపెట్టింది. అయితే ఈ పొద్దు చిన్నదీ మగోళ్ళూ పోండి, పెద్దదీ నేనూ విత్తనమైనాక ఆలూరికి పోయి ఏయించుకుంటాం, అదే నా మాట, ఇంక ఎవరూ మాట్లాడొద్దు. అందరి ముందూ తట్టలు పడ్డాయి, జొన్నరొట్టెలు, మాడిన ఉల్లిగడ్డ కూర. హనుమేష్ రొట్టె తుంచుతూ జ్యోతి వైపు చూసి, వెంటనే తట్టలోకి చూసుకున్నాడు. సుంకులమ్మ పిల్లలిద్దరూ ఒకే గ్లాసు కోసం గుంజుకుంటున్నారు. జ్యోతి కూర గిన్నె మామ ముందు పెట్టింది, చేతులు కొంగుకు తుడుచుకుంది, గోడకు ఆనుకుని నిలబడింది. గొంతు పెద్దగా రాలేదు, రావాలని కూడా అనుకోలేదు.

"నాకు మూడో నెల నడుస్తాంది అత్తా."

నాగక్క చెయ్యి రొట్టె మీద ఆగింది. పిల్లలు గ్లాసు గుంజుకోవడం మానలేదు, మద్దిలేటి వాళ్ళ చేతుల్లోంచి దాన్ని తీసి పక్కన పెట్టాడు. మరి మొన్న, ఆ ముందు నెల, అని నాగక్క వేళ్ళు వాటంతటవే కణుపుల మీదికి పోయాయి.

"ఆ రెండు తూర్లూ నేను బయట చేరలేదు. ఊరికే కూర్చున్యా. చెప్తే ఇది గూడా పోతాదేమోనని భయమాయ." ఎవరి వైపూ చూడకుండా, ఆగకుండా చెప్పింది, ఆగితే మళ్ళీ రాదని తెలుసు. "నేను సూదికి పోతాండా. పనికి అడ్డం రాననేమీ కాదు, నాకే కావాలని పోతాండా. ఆడ నర్సమ్మకు గూడా కడుపుతో ఉండానని చెప్పే ఏయించుకుంటా. రేపు జరమొస్తే మాత్ర ఏసుకుంటా, పండుకుంటా. అది ఎందుకొచ్చిందో, నేనెందుకు పండుకున్యానో, మీకందరికీ తెలిసుండాల. అందుకే చెప్తాండా."